నిండిన సీటుకే టికెట్టు

ఆ నాటకశాల మెట్ల కింది గదిలో వెబ్‌సైటు పని చూసే ఆమెను అందరూ కామా అక్క అనేవారు. అంతకుముందు ఆమె ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది. ఎవరైనా ఆశ్చర్యార్థకం పెడితే, "ఇందులో ఆశ్చర్యపోవడానికి ఏముందండీ?" అని కొట్టేసేది. ప్రెస్సు మూతపడ్డాక ప్రోగ్రామింగు నేర్చుకుంది గానీ, చేతి అలవాటు పోలేదు.

టికెట్ల కోసం ఆమె రాసిన షరతు సూటిగానే ఉండేది: సీటు నంబరు హాల్లోని సీట్ల సంఖ్యకు మించకూడదు, ఆ సీటు నిండి ఉండకూడదు, రెండూ కుదిరితేనే టికెట్టు ఇవ్వు. ఆ భాషలో 'కాదు' అనడానికి ఆశ్చర్యార్థకమే గుర్తు. కొత్త నాటకానికి అమ్మకం మొదలయ్యే ఉదయం కోడు శుభ్రం చేస్తూ, ఏ ధ్యాసలో ఉందో, 'నిండి' ముందున్న ఆ గుర్తును చెరిపేసింది. దాంతో వెబ్‌సైటు నిండిన సీట్లకే టికెట్లు ఇవ్వసాగింది. అప్పటికి నిండినది ఒక్కటే: మేనేజరు తన అత్తగారి కోసం అట్టేపెట్టిన మూడో వరుస చివరి సీటు.

ప్రదర్శన నాటి సాయంత్రం ఊళ్లో సగం మంది ఆ ఒక్క సీటు టికెట్టుతోనే దిగారు. గేటుకీపరు నిక్కచ్చి మనిషి.

"హాలంతా ఖాళీయే కదయ్యా, ఎక్కడో ఓ చోట కూర్చుంటాం," అన్నాడొకాయన.

"టికెట్టు మీద ఉన్నచోటే కూర్చోవాలి సార్. లైన్లో రండి."

వచ్చారు. అత్తగారు లేవనంది. కామా అక్క పరుగెత్తుకొచ్చి బతిమాలింది.

"తప్పు నాదే పెద్దమ్మా. కాస్త లేవండి."

"లేస్తా. నా వంతు మళ్లీ రావాలి మరి," అని ఆవిడ వెళ్లి లైను చివర నిలబడింది.

ఒక్కొక్కరూ కూర్చుని, కాస్త నాటకం చూసి లేచారు. రాజు చచ్చిపోయే సీనులో ఓ లావుపాటి ఆయన ఎంతకీ లేవకపోయేసరికి వెనకవాళ్లు గోలపెట్టారు. వేదిక మీద చచ్చిన రాజు తలెత్తి, "త్వరగా కానివ్వండయ్యా, ఊపిరి బిగబట్టలేక చస్తున్నా," అన్నాడు.

మర్నాడు, ఉద్యోగం ఊడినట్టే అనుకుంటూ, కామా అక్క ఆ గుర్తును తిరిగి పెట్టింది. మధ్యాహ్నం రాజు వేషం వేసిన నటుడు గదిలోకి వచ్చాడు. తిట్టడానికే అనుకుని ఆమె లేచి నిలబడింది.

"ఇన్నేళ్లూ ఎటు తిరిగి ఏడవాలో తెలిసేది కాదక్కా," అన్నాడతను. "నిన్న అందరూ ఆ ఒక్క సీట్లోంచే చూశారుగా, తెలిసింది. మళ్లీ అలాగే అమ్మకూడదూ?"

కుదరదంది. అతన్ని సాగనంపి, తలుపేసుకుని, కడుపు చెక్కలయ్యేలా నవ్వింది.