మా బావ కట్టిన యుద్ధ ఓడ

మా బావ పోయాడు. మంగళవారం పొద్దున ఇక్కడ గల్ఫులో, మనామా ఆసుపత్రిలో, ఊపిరాడక పోయాడు. మా ఊరు తాళ్లరేవులో పక్కింటి ఫోనుకు మా అక్కను పిలిపించాను. నేను నోరు తెరిచేలోపే, "టిక్కెట్టు దొరికిందా తమ్ముడూ? మీ బావ ఏ రోజు దిగుతున్నాడు?" అని అడిగింది. నాకు మాటలు చుట్టి చెప్పడం రాదు. "బావ లేడక్కా" అన్నాను. అక్క చేతిలోంచి పక్కింటావిడ ఫోను అందుకుంది.

ఆయన గురించి నాలుగు ముక్కలు రాయాలనిపించింది. మూడో తరగతితో బడి మానేసినవాణ్ని, వచ్చినట్టే రాస్తాను. ముహర్రఖ్‌లో చెక్క పడవలు కట్టే యార్డులో ఆయన మేస్త్రి. పలకల సందుల్లో నీళ్లు దూరకుండా నూనె పత్తి కూరడం నా పని. ఆయన ప్రతి పలకనూ వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి విన్నాకే రంపం పట్టేవాడు. "ఏమంటోంది బావా?" అంటే, "నీ బామ్మర్ది చేతికి మాత్రం నన్నియ్యకు అంటోంది" అనేవాడు. అరబ్బులు యల్లా యల్లా అని తరిమితే, "తొందరుంటే ఈదుకుంటూ పో" అని తెలుగులోనే అనేవాడు. అర్థం కాకపోయినా వాళ్లూ నవ్వేవారు. మధ్యాహ్నం ఖుబూస్ రొట్టెలో అక్క పంపిన మాగాయ పెట్టుకుని, కడుతున్న పడవ నీడలో కూర్చుని తినేవాడు.

ఈమధ్య చెక్క పడవల పని తగ్గిపోయింది. అందరికీ ఫైబరు పడవలే కావాలి. కువైట్ యుద్ధం అయ్యాక అమెరికావాళ్ల ఇనుప ఓడలు వస్తూ పోతూ ఉన్నాయి. బావ వాటికేసి చూసి "బియ్యం డబ్బాలు" అనేవాడు. అలా ఖాళీగా ఉన్న రోజుల్లో వచ్చాడు దొర. అవాలిలో చమురు కంపెనీలో చేసి రిటైరైన ఇంగ్లీషు ముసలాయన. గల్ఫు హిందీ బాగానే మాట్లాడతాడు. వాళ్ల ముత్తాత పనిచేసిన తెరచాపల యుద్ధ ఓడ బొమ్మ కావాలన్నాడు. ఒక పక్క పలకలతో మూసి, రెండో పక్క లోపలి ఎముకల్లాంటి కర్రలు కనిపించేలా తెరిచి ఉంచాలన్నాడు. బొమ్మలు గీసిన కాగితాలు ఇచ్చాడు.

ప్రతి శుక్రవారం వచ్చి ఆ ఓడ బతుకు కొంత కొంత చెప్పేవాడు. వాళ్ల ముత్తాత కాలంలో బొంబాయిలో టేకుతో కట్టారట. రెండు వైపులా ఫిరంగులు. ఈ సముద్రంలోకే వచ్చి, ఒడ్డున కట్టేసి ఉన్న అరబ్బు పడవలను తగలబెట్టిందట. అది విన్నరోజు బావ ఉలి కింద పెట్టేశాడు.

"పడవల్ని తగలబెట్టిన ఓడనా సాబ్ నాచేత కట్టిస్తున్నావు?"

ఉలి మళ్లీ అందుకుని బావే, "తర్వాతేమైంది?" అన్నాడు. తర్వాత ఉత్తరాలు మోసిందట. ముసలిదయ్యాక ఇంగ్లండులో తెరచాప స్తంభాలు నరికేసి, గొలుసులతో ఏట్లో కట్టేసి, ఖైదీలను ఉంచారట. ఆ పైన బొగ్గు పోశారట. చివరికి ముక్కలు చేసి పొయ్యిల్లోకి అమ్మేశారట.

"మళ్లీ బొంబాయి వెళ్లిందా?" అని అడిగాడు బావ. దొరకు తెలియదు. "అయితే పుట్టిల్లు చూడలేదన్నమాట." ఆ రోజు నుంచి ఆ ఓడ ఆయనకు ఇంటి ఆడపడుచైపోయింది.

కానీ బావ తప్పు చేశాడు. మా వైపు పడవకు ముందు పలకలు వంచి కలుపుతాం, తర్వాత లోపల ఎముకల్లాంటి వంకర కర్రలు బిగిస్తాం. ఆయన చెయ్యి కాగితాలు చూడకుండా అలవాటు ప్రకారం పోయింది. యుద్ధ ఓడకు ముందు ఎముకలు నిలబెట్టాలి, అదీ దగ్గర దగ్గరగా. పని అయ్యాక ఒక పక్క తెరిచి చూస్తే లోపల ఉన్నది మా తాళ్లరేవు పడవే. దొర పరవాలేదన్నాడు. బావ వినలేదు. మొత్తం విప్పేసి, మళ్లీ మొదట్నించీ కట్టడానికి ఊరెళ్లే సెలవు మానుకున్నాడు. అప్పటికే విపరీతమైన దగ్గు.

"దొరే చాలన్నాడు గదా. ఇచ్చేసి ఇంటికి పో బావా" అన్నాను.

"ఒళ్లు మన పడవది, పేరు దానిది. ఎలా ఇస్తాన్రా?"

"దానికి ఎదురుచూసేవాళ్లు లేరు. నీకు మా అక్క ఉంది."

"మీ అక్క ఆగుతుందిలే. నన్ను కట్టుకున్న కాడ్నించీ ఆగడమేగా దాని పని."

ఆ మాటకు కొన్నాళ్లు ఆయనతో మాట్లాడలేదు. ఇప్పటికీ ఆ మాట ఒప్పుకోను. పోయాడు కదా అని కూడా ఒప్పుకోను. కానీ పని చేస్తుంటే చూసేవాణ్ని. ఒక్కో ఎముకనూ అరచేత్తో నిమిరి, నిలబెట్టి, వెనక్కి జరిగి చూసి, దగ్గి, మళ్లీ వంగేవాడు. అలాంటి పనివాణ్ని నేను మరొకణ్ని చూడలేదు.

ఆఖరి ఎముక బిగించిన సాయంత్రమే ఆసుపత్రిలో చేర్చాం. "నిలబడిందా?" అని అడిగాడు. నిలబడిందన్నాను. "అయితే టిక్కెట్టు తియ్యరా. మీ అక్కకు ఫోన్ చెయ్యి" అన్నాడు. చేశాను. తీశాను. ఆయన పెట్టెలో వెళ్లాడు.

నిన్న దొర వచ్చాడు. ఓడ ముందు టోపీ తీసి నిలబడ్డాడు. "పలకలు నువ్వు కొట్టు. నువ్వూ అదే ఊరివాడివి కదా" అన్నాడు. నాకు చేతనవును, బాగానే చేస్తాను. కానీ చెయ్యనన్నాను. "ఘర్ జానా హై సాబ్" అన్నాను. నాకు వీసా ఇచ్చిన యజమాని, కఫీల్‌కు కూడా ఇంటికి పోతాననే చెప్పాను.

దొర ఓడను రెండు చేతులా ఎత్తుకుని ఎండలోకి నడిచాడు. దాని మీద ఒక్క పలకా లేదు. ఎముకల నీడ అతని తెల్ల చొక్కా మీద చారలు చారలుగా కదిలింది. సముద్రం మీది గాలి ఓడలోకి ఇటు దూరి, ఎక్కడా ఆగకుండా అటు పోతోంది.