సోమవారం తోడు

మల్కాపురంలో మా అద్దె ఇంటి వంటగది గోడకు, కిటికీకి జానెడు పైన, ఒక గుంట ఉండేది. చూసినవాళ్ళు మేకు ఊడిన చోటనుకునేవారు. నిజానికి అది సీసా బిరడా తగిలిన గుంట. పెళ్ళయిన రెండో నెలలో నేను వెలగబెట్టిన ఘనకార్యం. ఏటా వెల్లవేసేటప్పుడు ఆ గుంట పూడ్చబోతే మా అత్తగారు ఒప్పుకునేది కాదు. కోడలి సంతకం, ఉండనీ అనేది.

మా పెరటి గోడకు అవతల ఒక సాయిబుగారి ఇల్లూ, దాన్నానుకుని ఆయన సోడా షెడ్డూ ఉండేవి. సోడాలు ఊరందరూ చేస్తారు, ఆయన మాత్రం అల్లం బీరు చేసేవారు. ఓడలో వంటపనికి కుదిరిన ఆయన తండ్రి ఇంగ్లీషు వంటవాళ్ళ దగ్గర పట్టిన విద్య అది. పేరుకు బీరే గానీ తాగినవాడు తూలడు. రెండు సీసాలు పడితే మాత్రం మేస్త్రీతో పోట్లాడే ధైర్యం వస్తుందని పోర్టు కలాసీలు చెప్పుకునేవారు. షిఫ్టు దిగి ఇంటికెళ్ళే రిఫైనరీ వాళ్ళకు కూడా ముందు ఆయన షెడ్డు, ఆ తరవాతే పెళ్ళాం పిల్లలు.

ఆ రుచి గుట్టంతా ఒక పింగాణీ జాడీలో ఉండేది. అడుగున నానిన సగ్గుబియ్యంలాగా తెల్లటి పలుకులు. అవి ప్రాణమున్నవి. రోజూ చెంచాడు పంచదార, చెంచాడు అల్లం పొడి వేస్తే పెరుగుతాయి, వెయ్యకపోతే నీరసిస్తాయి. ఆ జాడీలో నీళ్ళు వడకట్టి, పాకం, నిమ్మరసం కలిపి, సీసాల్లో పోసి, బిరడా బిగించి దారం కడితే మూడు రోజులకు అల్లం బీరు తయారు. పెరుగుకు తోడు ఎలాగో ఆ పలుకులు దానికి అలాగ. అందుకని అందరం తోడు అనే అనేవాళ్ళం.

కొత్త కోడలిని, నోరూరుకోదు. ఓ పొద్దున గోడ మీంచి గ్లాసు చాపి, ఆ తోడు కొంచెం అమ్ముతారా తాతా అని అడిగేశాను.

"అమ్మను బేటీ," అన్నారాయన. "తోడు అమ్మీది కాదు, అడిగీది, ఇచ్చీది. అడిగినోళ్ళకి లేదనకూడదు. రేపు నా జాడీ పోయిందనుకో, నాను అడిగితే నువ్వివ్వాల. అంతే బేరం."

గ్లాసులో రెండు చెంచాల పలుకులు వేశారు. నేను ఆశకొద్దీ పాకం రెట్టింపు పోసి బిగించాను. మూడో రోజు మధ్యాహ్నం మా ఆయన భోంచేస్తుంటే బిరడా ఆయన చెవి పక్కనుంచి దూసుకుపోయి గోడకు తగిలింది. మా ఆయన నాకు సొంత మేనబావే. చారన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది పాపం.

"బీరు సేత్తన్నావా, బాంబులు సేత్తన్నావా?" అన్నాడు.

"ముందు తాగి మాటాడు బావా."

తాగాడు. మాట్లాడలేదు. రెండో సీసా ఎక్కడుందో వెతికాడు.

ఉక్కు ఫ్యాక్టరీ పనులు మొదలై గాజువాక వైపు జనం పెరిగిన రోజుల్లో ఒక పెద్ద బీరు కంపెనీ కన్ను మన ఊరి మీద పడింది. వాళ్ళకు బీరొక్కటీ చాలలేదు, సోడాలూ రంగునీళ్ళూ కూడా కావాలి. చిన్న చిన్న షెడ్లను ఒకటొకటే కొనేస్తూ వచ్చారు. అమ్మనన్నవాళ్ళతో దెబ్బలాడలేదు. ప్రతి కిళ్ళీ కొట్టుకూ ఒక ఐసుపెట్టె ఊరికే ఇచ్చారు, అందులో ఇంకొకరి సీసా పెట్టకూడదని షరతు. మా వీధి కిళ్ళీ కొట్టతను సాయిబుగారి సీసాలను తడి గోనెలో చుట్టి బల్ల కింద దాచి, "పై సరుకా, కింద సరుకా?" అని గుసగుసగా అడిగేవాడు. అల్లం నీళ్ళకు దొంగసారా మర్యాద వచ్చింది. తరవాత కంపెనీ వాళ్ళు పాత సామాన్ల కొట్లలో ఖాళీ సీసాలన్నీ ఎత్తుకుపోయారు. బీరుంది, పోసుకోవడానికి సీసా లేదు. ఆరు నెలలు చూసి సాయిబుగారు సంతకం పెట్టేశారు.

షెడ్డూ, పేరూ, తయారుచేసే పద్ధతీ, సీసాలూ, జాడీతో సహా అన్నీ కాగితంలో ఎక్కించారు. ఇక మీదట ఆయన ఆ సరుకు తయారుచెయ్యరాదని కూడా రాశారు. అప్పగింత రోజున తెల్లకోటు వేసుకుని కంపెనీ కెమిస్టు వచ్చాడు. కృష్ణా జిల్లా వైపు కుర్రాడు, కొత్త ఉద్యోగం. జాడీ మూత తీసి వాసన చూసి, ముక్కు మూసుకుని, ఇది పాడైపోయిందన్నాడు. పనివాళ్ళను పిలిచి బ్లీచింగు పౌడరుతో కడిగించేశాడు. అరవై ఏళ్ళ తోడు కాలవలో పోతుంటే నేను గోడ ఇవతల నిలబడి చూశాను. నాకు ఒళ్ళు మండిపోయింది.

"సెప్పలేదేటి తాతా?" అని అరిచాను.

"జాడీ అని రాసుకున్నారు, జాడీ ఇచ్చీసినాను," అని నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదని మర్నాడు తెలిసింది.

ఇక మల్కాపురం మొత్తం మీద ఆ తోడు మిగిలింది నా వంటింట్లోనే. ఆయన దగ్గర తోడు పుచ్చుకున్న మిగతా ఇళ్ళవాళ్ళు సీసా కొనుక్కుంటే పోయేదానికి ఈ చాకిరీ ఎవడు చేస్తాడని ఎప్పుడో పారబోశారు. నేను వారానికి రెండు సీసాలు గోడ మీంచి అందించేదాన్ని. కాగితం సంగతేమిటి తాతా అంటే, "సెయ్యకూడదన్నారు. తాగకూడదన్లేదు," అని బిరడా లాగేవారు.

కంపెనీ వాళ్ళు సాయిబుగారి పేరు పెట్టి, ఎసెన్సు పోసి, గ్యాసు కొట్టి అల్లం బీరు బజారులోకి వదిలారు. కలాసీలు ఒక గుక్క తాగి మిగిలింది చేతులు కడుక్కోవడానికి వాడారు. అప్పుడు మేనేజరుకు తోడు సంగతి ఎవరో చెవిన వేశారు. ఆఫీసు పని ముగించుకుని సాయంత్రం జీపేసుకుని మా ఇంటికి వచ్చాడు. ఎంత కావాలో చెప్పమన్నాడు.

"తోడు అమ్మం బాబూ, అడిగితే ఇత్తాం," అంది మా అత్తగారు. "కానీ దీపాలు ఎట్టీసినాం కదా. ఎట్టినాక పెరుగూ, ఉప్పూ, తోడూ గడప దాటించకూడదు."

మర్నాడూ దీపాల వేళకే వచ్చాడు. మళ్ళీ అదే జవాబు. మూడో రోజు పాపం ఆఫీసు ఎగ్గొట్టి అయిదింటికే బయల్దేరాడు. వీధి మొదట్లో జీపు చప్పుడు వినబడగానే మా అత్తగారు కూరలు తరుగుతున్నదల్లా లేచి, కత్తిపీట అక్కడే వదిలేసి, పెరట్లో ఎండ కాస్తుండగానే దీపం వెలిగించేసింది. చేతులు జోడించి కళ్ళు కూడా మూసుకుంది. అంత భక్తి ఆవిడలో నేను శివరాత్రినాడు కూడా చూడలేదు. మేనేజరు ఆకాశం వైపు చూసి, దీపం వైపు చూసి, వెళ్ళిపోయాడు.

ఆ తరవాత ఒక సోమవారం పొద్దున ఆ కెమిస్టు కుర్రాడు నడిచి వచ్చాడు. కోటు లేదు. చేతిలో స్టీలు గ్లాసు.

"అక్కా, కొంచెం తోడు ఇస్తారా? ఆ రోజు కడిగించింది నేనే. తెలియక చేశాను."

నాకు ఇవ్వాలని లేదు. పెరట్లోకి వెళ్ళి గోడ మీంచి సాయిబుగారికి చెప్పాను.

"అడిగినాడా?" అన్నారు.

"అడిగినాడు."

"మరింకేటి?"

ఇచ్చాను. మొహం మాత్రం గంటు పెట్టుకునే ఇచ్చాను. మరుసటి సోమవారం మళ్ళీ గుమ్మంలో గ్లాసు! కారణం విని నేను కుర్చీ పట్టుకుని నవ్వాను. శనివారం సాయంత్రం పాత్రలన్నీ బ్లీచింగుతో కడిగి, బోర్లించి, తాళం వెయ్యాలని పై ఆఫీసు వాళ్ళు రూలు పెట్టారట. తాళాలు మేనేజరు దగ్గరుంటాయట. ఆ రూలు మార్చమని ఉత్తరం రాస్తే, శుభ్రత విషయంలో రాజీ లేదని జవాబు వచ్చిందట. వారమంతా పెంచడం, శనివారం చంపడం, సోమవారం మా గుమ్మం ఎక్కడం. ఏడాదిన్నరపాటు అంత పెద్ద కంపెనీకి నేను గోడ పక్క నుంచి తోడు అప్పిచ్చాను. సోమవారం పొద్దున్నే గోడ అవతలినుంచి "వొచ్చినాడా?" అని కేక వినబడేది. వచ్చాడనగానే నవ్వేవారు. ఈ నవ్వు మాత్రం నాకు నచ్చేది.

ఒక సోమవారం నుంచి కుర్రాడు రావడం మానేశాడు. మన ఊళ్ళో తప్ప ఇంకెక్కడా అమ్ముడుపోని సరుకు దేనికని కంపెనీ అల్లం బీరు ఎత్తేసింది. షెడ్డు ఖాళీ సీసాల గోడౌను అయింది. కుర్రాడిని మద్దిలపాలెం ఆఫీసుకు మార్చారు. సాయిబుగారు మాత్రం ఇచ్చిన మాట మాటేనని తన చేత్తో జాడీ ముట్టలేదు.

ఎనభైల మధ్యలో ఆయన మంచం పట్టారు. అన్నం సయించేది కాదు, ఆ సీసా ఒక్కటే దిగేది. సరిగ్గా అప్పుడే మా చెల్లెలి పెళ్ళి. జాడీని మా ఆయనకు అప్పగించి, రోజూ చెంచాడు చెంచాడు అని పదిసార్లు చెప్పి మా ఊరు వెళ్ళాను. పది రోజులకు తిరిగొచ్చేసరికి జాడీ తళతళలాడుతూ ఎండలో బోర్లించి ఉంది.

"పైన నురగ కట్టి కంపు కొట్టింది. సబ్బెట్టి తోమీసినాను," అన్నాడు, మెచ్చుకుంటానని.

నేను కూలబడి ఏడ్చాను. కంపెనీని అన్నేళ్ళు ఆడిపోసుకున్నాను, అదే పని నా ఇంట్లో జరిగింది. సాయిబుగారికి ఎలా చెప్పను? చెప్పలేదు. తోడు ఎక్కడైనా మిగిలుంటే ఆ కెమిస్టు కుర్రాడి దగ్గరే మిగిలుండాలనుకుని, స్టీలు గ్లాసు సంచీలో పెట్టుకుని మద్దిలపాలెం బస్సెక్కాను.

కుర్రాడి గది బస్సు డిపో వెనకాల. ఇప్పుడు కుర్రాడేమీ కాదు, జుట్టు పలచబడింది. నా చేతిలో గ్లాసు చూసి అంతా అర్థమైపోయింది. కిటికీలో ఊరగాయ జాడీ, అందులో తెల్లటి పలుకులు.

"ఒక సోమవారం మీరిచ్చినదాంట్లో సగం గదిలో దాచుకున్నాను అక్కా. ఇక్కడ శనివారం రూలు లేదు," అన్నాడు. తరవాత తల బయటపెట్టి ఆకాశం చూశాడు. "ఇంకా పొద్దుంది, ఇవ్వొచ్చు."

ఆ మాటకు సిగ్గుతో నవ్వాను. అయిదో రోజు సాయంత్రం సీసా తీసుకుని సాయిబుగారి మంచం దగ్గర కూర్చున్నాను. ఒక గుక్క తాగి నోట్లో తిప్పారు.

"ఇది నీ సెయ్యి కాదు. అల్లం ఎక్కువ. ఎవులిది?"

జరిగిందంతా చెప్పేశాను. ఆయన మాత్రం, జాడీ కడిగినోడి దగ్గరే మిగిలిందా అని దగ్గొచ్చేదాకా నవ్వారు. సీసా ఖాళీ చేసి కింద పెట్టారు.

"ఆ కాగితం ఇప్పుడెవులికీ పట్టదు కదా బేటీ?"

"కంపెనీయే మానీసింది తాతా."

మంచం కిందికి చెయ్యి పెట్టి ఒక చిన్న జాడీ బయటికి లాగారు. తుడిచి సిద్ధంగా పెట్టుకున్నారు.

"కొంచెం తోడు ఇత్తావా?" అన్నారు.

అప్పటికే చీకటి పడుతోంది, మా ఇంట్లో దీపం గోడ మీంచి కనబడుతోంది. ఎలాగైనా సరే అనుకుని ఇంటికి పరుగెత్తాను. గ్లాసులో తోడు పట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మా అత్తగారు గడప దగ్గరే కూర్చుని ఉంది. గ్లాసు చూసింది, నా మొహం చూసింది. లేచి లోపలికి వెళ్ళి దీపం వత్తిని నూనెలోకి లాగేసింది. ఇల్లంతా చీకటైపోయింది.

"ఇంకా దీపం ఎట్టలేదే," అంది. "ఎల్లు, ఎల్లు."