తాడూ, బుట్టా, మా అక్కా

యాంగోన్ నగరం బోటాటౌంగ్ పేటలో మాది నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు. వీధికి వేలాడే తాడు, తాడుకో బుట్ట, పైన ఓ గంట. కూరలవాడు కింద తాడు గుంజితే పైన గంట మోగుతుంది, బుట్ట లాక్కుంటాం. వీధి వీధంతా అంతే. చిన్నప్పుడే కాళ్లు పడిపోయిన మా అక్క మాత్రం బుట్టలో పట్టదు, ఇల్లు కదిలింది లేదు. కిందింటికి మారదామని ఏళ్లుగా పోరుతోంది. నాన్న వింటేనా! "కిందిల్లయితే వానకి నీల్లొచ్చేత్తాయి" అని ఒకటే పాట.

అక్క ఇంటి నుంచే ఒక వికలాంగుల సంఘానికి పని చేస్తుంది. ఒక రోజు వాళ్లు పంపిన వీఆర్ కళ్లజోడు వంకాయలతో పాటు బుట్టలో పైకొచ్చింది. అది పెట్టుకుంటే మనమే చక్రాల కుర్చీలో ఉన్నట్టు కనిపిస్తుందట. ఎవరి కోసం తెప్పించిందో నాకు వెంటనే అర్థమైంది.

"సినిమాయే కదేటి" అంటూ నాన్న బాల్కనీ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో దర్జాగా కూర్చున్నాడు. కాసేపటికే గొంతు చించుకున్నాడు. "అన్నీ మెట్లేనేటే! జనం పక్కనించే పోతన్నారు, ఒక్కడూ ఆగడేటి?" అని, రెండు చేతులూ పైకెత్తి కేకేశాడు. "ఓలే, తాడొగ్గండే!"

యాంగోన్‌లో పుట్టి పెరిగిన మనిషి మరి, కింద ఇరుక్కుంటే ఇంకేం గుర్తొస్తుంది? గాల్లో తడిమిన చేతికి అమ్మ బట్టలారేసిన తాడు దొరికింది. "దొరికింది, లాగండెహె!" అని ఒక్క గుంజు గుంజాడు. తడి లుంగీలన్నీ నెత్తి మీద పడ్డాయి. అమ్మ అట్లకాడతో పరుగెత్తుకొచ్చింది.

"బుట్టెక్కుతావేటయ్యా? నీ బరువుకి తాడు కాదు, బిల్డింగే వచ్చేత్తాది!"

నేను నవ్వలేక చచ్చాను. అక్క నవ్వలేదు.

"నాను పైనే ఉండిపోనాను నాన్నా. నాకే తాడూ లేదు" అంది.

ఇన్నేళ్లూ ఆ మాట నేనెందుకు అనలేదని నా మీద నాకే ఒళ్లు మండింది. నాన్న లుంగీల కింద నుంచి చాలాసేపు బయటికి రాలేదు.

వానాకాలానికి ముందే అదే వీధిలో కిందింటికి మారాం. తొలి పెద్ద వానకే నీళ్లు మంచం కోళ్లు తడిపాయి. నాన్న బల్లెక్కి కూర్చుని, "సెప్పినానా లేదా!" అని పండగ చేసుకున్నాడు. తర్వాత చుట్టూ చూసి, "పెద్దగుంట ఏదే?" అని అక్క కోసం అడిగాడు.

చక్రాల కుర్చీలో సందు చివర టీ కొట్టు దాకా వెళ్లి అక్కడ ఇరుక్కుందనీ, వాన తగ్గాక వస్తానని ఫోన్ చేసిందనీ చెప్పాను. నాన్న బల్ల దిగి, ఆ నీళ్లలోనే గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. అక్క ఇంటికి రావాలని మా ఇంట్లో ఒకరు ఎదురుచూడటం అదే మొదటిసారి.