ద్రాక్ష తీగను చంపింది సార్ కాదు

వీపున పదహారు లీటర్ల మందు పంపు మోసి బతికినవాణ్ని నేను. నిండా నింపితే ఎంత బరువున్నా, గడ్డి మీద తిరిగేకొద్దీ అది తగ్గుతుంది. ఎంత తిరిగినా తగ్గని బరువు ఇంకొకటుంది. తెలంగాణ ఉద్యమం నాటి నుంచి మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు, దోస్తులకు చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు, నేను మిమ్మల్ని ఎరగను. అందుకే మీకు చెప్తున్నాను.

ఏడో తరగతిలో బడి మానేశాను. బడే నన్ను మానేసిందని అంటే అందరూ నవ్వేవాళ్లు. నవ్వించడం కాక నాకు తెలిసిన రెండో పని గడ్డి. చంపాపేట్ నుంచి సైకిల్ మీద బయల్దేరి దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ కాలనీల్లో ఇళ్ల ముందు లాన్ కత్తిరించేవాణ్ని, కలుపు తీసేవాణ్ని. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ కోసిన పచ్చిగడ్డి వాసన ముక్కుకు తగులుతుంది. కోచింగ్ పిల్లలు మిర్చి బజ్జీల బండి చుట్టూ మూగేవాళ్లు. ఒక గోడ మీద జై తెలంగాణ, పక్క గోడ మీద ట్యూషన్ ప్రకటన.

ఎల్‌బీ నగర్ దగ్గర ఒక కాలనీలో పక్కపక్కన రెండిళ్లు. ఒకటి సార్‌ది. తెనాలి వైపు నుంచి వచ్చి, బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. లాన్ అంటే ప్రాణం. రెండోది సిస్టరమ్మది. నల్గొండ పల్లె నుంచి వచ్చి సర్కారు దవాఖానలో నర్సుగా చేసేది. ఆమె ప్రాణం ఒక ద్రాక్ష తీగ. కాలనీ కాకముందు అక్కడ ద్రాక్ష తోట ఉండేదట. ప్లాట్లు చేసినప్పుడు ఎలాగో మిగిలిన మొదలు అది. నడిమి గోడ ఎక్కి సగం సార్ వైపు వాలేది. ఎండాకాలం మొదటి గుత్తి కోయగానే సిస్టరమ్మ గోడ మీంచి అందించేది. అటు నుంచి గోంగూర పచ్చడి గిన్నె వచ్చేది. అదే గోడ దగ్గర సార్ సమైక్యం అనేవారు, ఆమె తెలంగాణ అనేది, ఇద్దరూ గొంతు పెంచేవాళ్లు, ఆ తర్వాత గిన్నె చేతులు మారేది. నేను గడ్డిలో కూర్చుని ఇద్దరినీ ఎగదోసి నవ్వుకునేవాణ్ని. అంత మంచి వినోదం మళ్లీ దొరకలేదు నాకు.

ఉద్యమం జోరుగా ఉన్న ఏడాది వానలకు సార్ లాన్‌ను గలిజేరు, పులిచింత కమ్మేశాయి. గడ్డి జోలికి పోకుండా వెడల్పాకుల కలుపునే చంపే మందు తెచ్చాను. సార్ కళ్లజోడు సర్దుకుని, సీసాతో వచ్చిన కాగితమంతా చదివి వినిపించారు. గాలి లేని పొద్దుట పూటే కొట్టాలి. చేతులకు తొడుగులు, ముక్కుకు అడ్డం ఉండాలి. పంపు మూతి నేలకు దగ్గరగా పట్టాలి. ఆరేదాకా పిల్లలు, కుక్కలు గడ్డి మీదికి రాకూడదు. ఈ పంపు వేరే మొక్కలకు వాడకూడదు. ఒకచోట వేలు పెట్టి ఆగారు. ద్రాక్షకు ఈ మందు తుంపర తగిలినా పడదట. "గోడ పక్కన మందొద్దు, అక్కడ చేత్తో పీకు" అన్నారు. మర్నాడు భార్యతో ఊరికి వెళ్తూ గేటు తాళం నాకిచ్చారు.

ఆ వారంలోనే ఎల్‌బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, జనమంతా అక్కడే తిని నిరసన తెలిపే రోజు. పొద్దున్నే మందు కొట్టాల్సినవాణ్ని బియ్యం మూటలు మోస్తూ ఉండిపోయాను. మధ్యాహ్నం ఒకాయన వచ్చి సాయంత్రం మైకు నాదే అన్నాడు, జనాన్ని నవ్వించాలన్నాడు. బడి మానేసినవాడికి మైకు. ఆలోపు పని ముగిద్దామని సార్ ఇంటికి పరుగెత్తాను. అప్పటికి గాలి లేచింది. తీగ ఆకులు తిరగబడి వెనకపక్క తెలుపు చూపిస్తున్నాయి. చూశాను. చూడలేదని మీకు చెప్పను. మర్నాడు కొడితే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. గోడ పక్క కూడా వదలకుండా పావుగంటలో కొట్టేసి పోయాను. సాయంత్రం జనం పడీపడీ నవ్వారు.

పది రోజులకు తీగ కొత్త ఆకులు ముడతలు పడి, విసనకర్రల్లా మారాయి. చిగుళ్లు మెలితిరిగాయి. ఊరి నుంచి వచ్చిన సార్ నన్ను పక్కకు పిలిచి, గాలిలో కొట్టలేదు కదా అని అడిగారు. లేదు సార్, తెల్లారంగనే కొట్టిన అన్నాను. నమ్మారు. నమ్మి, గోడ దగ్గరికి పోయి, మా మందు వల్ల కాదమ్మా అని సిస్టరమ్మకు చెప్పారు.

మర్నాడు ఆమె నన్ను గేటు దగ్గర ఆపింది.

"తమ్మీ, జర నిజం చెప్పు. తీగకు ఏమైంది?"

"నాకేం ఎరుక సిస్టరమ్మా. నేను గడ్డి డాక్టర్ని, ద్రాక్ష డాక్టర్ని కాదు."

"మజాక్ చెయ్యకు. సార్ ఏమన్న పోయించిండా?"

"ఏమో. మీరు రాష్ట్రం అడుగుతున్నరు గదా, ముందుగాల మీ తీగను మీ దిక్కే ఆపుదామనుకున్నడేమో సార్."

ఆమె నవ్వలేదు. "గట్లనా" అని లోపలికి పోయింది.

నవ్వులాటకన్నానని వెంటనే అనొచ్చు కదా. వెనక్కి పిలవొచ్చు కదా. ఎందుకు పిలవలేదు? పిలిస్తే, మరి నిజమేందని అడుగుతుంది. నా మాట నన్ను కాపాడిందని లోపల ఎక్కడో కాస్త సంతోషించాను కూడా. ఇన్నేళ్లలో నాకు అన్నిటికంటే రోత పుట్టించింది మందు కాదు, ఆ సంతోషం.

ఎండాకాలానికి తీగ ఎండిపోయింది. సిస్టరమ్మ మొదలంటా కొట్టించి, గోడను ఇంకో నాలుగు వరసలు లేపించింది. సార్ రెండుసార్లు గేటు దాకా వెళ్లి, ఆమె తలుపు తీయకపోతే తిరిగొచ్చారు. తర్వాత ఇల్లు అమ్మి మన్సూరాబాద్‌లో ఫ్లాటుకు మారారు. సామాను ఎక్కిస్తుంటే నా భుజం మీద చెయ్యేసి, "నువ్వొక్కడివైనా నా మాట నమ్మావోయ్, చాలు" అన్నారు. నేను తల ఊపాను. ఊపాను, అంతే.

రాష్ట్రం వచ్చింది. ఆ రోజు సార్ ఏమన్నారో నాకు తెలీదు. ఆయన పోయారని రెండేళ్ల కిందట విన్నాను. సిస్టరమ్మ ఆ ఇంట్లోనే ఉంది. పోయిన నెల ఆ వీధిలో పనుండి వెళ్తే, ముసలోడివైపోయినవేంది తమ్మీ అని టీ ఇచ్చింది. సార్ సంగతి ఎత్తుదామనుకున్నాను. టీ తాగి వచ్చేశాను.

ఆమె ఇది చదువుతుందో లేదో. చదివితే ఏమంటుందో ఊహించే ధైర్యం లేదు, క్షమించమని అడిగే మొహమూ లేదు. మందు కొట్టింది నేను. గాలి ఉందని తెలిసే కొట్టాను. సార్‌తో అబద్ధం చెప్పాను, ఆ నింద ఆయన మీదికి తోశాను. ఆయన ఆ తీగను కాపాడమనే చెప్పారు సిస్టరమ్మా. ఈ మాట పూర్తిగా పలకడం ఇదే మొదటిసారి. రాశాక గట్టిగా ఒకసారి చదువుకున్నాను. ఈసారి మధ్యలో ఆగలేదు.