అబెరింగ వంకర బుట్ట

మా చిన్నాన్న అబెరింగ జన్మలో ఒక్క బుట్ట అల్లిన పాపాన పోలేదు. అయినా మా సుంబ్రుంగు ఊరి ఆడవాళ్ళు అల్లి సముద్రం దాటించే ప్రతి బుట్ట పిడికీ ఆయన బొమ్మ వేసిన చీటీయే వేలాడుతుంది. బొమ్మ కింద ‘ఈ చేతులే అల్లాయి’ అని రాసి ఉంటుంది.

అల్లేవాళ్ళకు న్యాయం చేస్తామని చెప్పుకునే ఒక కంపెనీ తరఫున హన్నెకె అనే తెల్లావిడ మొదటిసారి వచ్చినప్పుడు మా పిన్ని అతంపోకను ఫొటో అడిగింది. బుట్ట పిన్నిదే. ఆవిడ పళ్ళతో గడ్డిపోచ చీలుస్తూ తలైనా ఎత్తలేదు.

“నా మొహం బుట్టకు కడతారా? మేక చెవికి గాటు పెట్టినట్టా? పొమ్మను.”

పక్కనే జొన్నకల్లు తాగుతున్న చిన్నాన్న లేచి, చారల అంగీ దులుపుకుని, ఆ బుట్ట ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాడు. నెరిసిన గడ్డం, వెడల్పాటి నుదురు, గడ్డి టోపీ. సోమరితనం దూరం నుంచి చూస్తే జ్ఞానంలాగే ఉంటుంది.

అప్పటినుంచి ఆయన మాస్టరు. పాలపళ్ళు ఊడకముందే అల్లిక పట్టిన ఆడవాళ్ళ మధ్య తిరుగుతూ, “అడుగు బిగువుగా రావాలమ్మా” అని సలహాలిచ్చేవాడు. కల్లు కుండ దగ్గర మొదటి సొరబుర్ర చిప్ప ఆయనకే. బతుకులో ఆయనకు దక్కిన మర్యాదంతా ఆ బొమ్మ పెట్టిన భిక్షే. అది పోతే మళ్ళీ వట్టి అతంపోక మొగుడు.

ఆ బుట్టలు ఎక్కడికి పోతాయో మాకు హన్నెకె తెచ్చిన ఫొటోల్లో తెలిసింది. తెల్లటి గోడలు, మేకులు, మేకులకు బుట్టలు. ఆడవాళ్ళు ఫొటోల చుట్టూ మూగారు.

“అన్నీ ఖాళీయే! ఒక్కదాంట్లో ఉల్లిపాయైనా లేదేమే?”

“నేలమీద చోటు లేదేమో పాపం.”

“అంత ఇంట్లోనా? వంటే చేసుకోరు కాబోలు.”

పిన్ని ఆ ఫొటోలు చూడను కూడా చూడలేదు. గోడకు అల్లడమంటే చెవిటివాడికి పాడటమేనంది.

మరుసటి ఏడు హన్నెకె కెమెరా మనిషిని వెంటబెట్టుకు వచ్చింది. మాస్టరు అల్లుతుండగా వీడియో తీయాలట. చిన్నాన్న భుజం నొప్పన్నాడు. సంతరోజు అల్లితే పితరులకు కోపమన్నాడు. సంతరోజునే అల్లుతూ కూర్చున్న ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. తప్పించుకునేవాడే గాని, బుట్టలు తీసుకెళ్ళే లారీ డ్రైవరు టెంగన్ అక్కడే ఉన్నాడు. టెంగన్‌ది దగాబా జాతి. మాకూ వాళ్ళకూ తాతల నాటి వేళాకోళపు వరస; ఎప్పుడో కుక్కను కోసి పంచుకునేటప్పుడు తలకాయ ఎవరిదన్న తగువుతో మొదలైందట. ఎవరు ఎంత మాటన్నా అవతలివాడు నవ్వాలి. కోపం తెచ్చుకున్నవాడి పరువు మరి దక్కదు.

“ఏం బావా, భుజం నొప్పా? కుక్క తలకాయ కోసం నన్ను నెట్టినప్పుడు ఏ నొప్పీ లేదే!”

“నోర్ముయ్యరా. తోక కూడా వదలని జాతి మీది.”

“సరే, తోక నాకే. నువ్వు ఈ గడ్డి పట్టుకో. బుట్ట అల్లావా, ఈసారి తలకాయ మొత్తం నీదే. లేదా, ఆ టోపీ నాది.”

సంతంతా నవ్వింది. ఇప్పుడు లేచి వెళ్తే కోపం వచ్చినట్టే. చిన్నాన్న చచ్చినట్టు కూర్చున్నాడు. పోచ చీల్చబోయి పెదవి కోసుకున్నాడు. పిన్ని తొడమీద గడ్డి పేనుకుంటూ అటు తిరగనే లేదు. సాయంత్రానికి ఆయన ఒళ్ళో ఒక వస్తువు తయారైంది. ఒక పక్క ఉబ్బి, ఒక పక్క కుంగి, ఎద్దు తొక్కిన గుమ్మడికాయలా ఉంది.

“బావా, ఇది అల్లావా, కక్కావా?” అన్నాడు టెంగన్.

హన్నెకె మాత్రం దాన్ని పసిబిడ్డలా రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. ఇన్నాళ్ళూ చూసినవన్నీ అచ్చు పోసినట్టున్నాయట. ఇది ఊపిరి పీలుస్తోందట. వచ్చే ఏటికి అన్నీ ఇలాగే కావాలంది.

ఆడవాళ్ళు ప్రయత్నించారు. చేతులు వాళ్ళ మాట వినలేదు. వంకరగా మొదలుపెట్టినా మూడు చుట్లకే గుండ్రంగా సర్దుకునేవి. చిన్నాన్న కర్ర పట్టుకుని, “ఇంకా చెడాలి, ఇంకా చెడాలి” అని నేర్పించాడు. పిన్ని తన బుట్ట ఆయన ముందు పడేసింది.

“నాకు చెడగొట్టడం రాదు. బొమ్మ ఎవడిదో బుట్టా వాడే అల్లుకోవాలి.”

మిగతావాళ్ళూ చేతులు దులిపేసుకున్నారు. అలా చిన్నాన్న బతుకులో మొదటిసారి పనిలో కూర్చున్నాడు. వానలు కురిశాయి, సజ్జ కోతకొచ్చింది, ఆయన అల్లుతూనే ఉన్నాడు. వేళ్ళు పగిలాయి, పెదవి కాయ కాసింది. కోతలు అయ్యేసరికి ఆయనకు ఊహించని కష్టం వచ్చిపడింది. అడుగు చదునుగా వస్తోంది. అంచు సమంగా తిరుగుతోంది. మోకాలితో నొక్కాడు, మీద కూర్చున్నాడు. అయినా బుట్ట లేచి నిలబడింది.

“బావా, కొంప మునిగింది,” అన్నాడు టెంగన్. “నీకు పని వచ్చేస్తోంది!”

దుమ్ముగాలుల రోజుల్లో హన్నెకె వచ్చింది. వరసగా పేర్చిన గుండ్రటి బుట్టలు చూసి మొహం ముడుచుకుంది.

“ఇవి ఎవరు అల్లారు?”

“నేనే తల్లీ! ఈ చేతులతోనే!”

ఆవిడ చిన్నపిల్లవాడి అబద్ధానికి నవ్వినట్టు నవ్వింది. “ఇవి ఆడవాళ్ళ బుట్టలు కదా, అబెరింగా.”

చిన్నాన్న పగిలిన వేళ్ళు చూపించాడు. ఆవిడ చూసింది బుట్టల్నే. ఆయన పిన్ని వైపు తిరిగాడు. “నువ్వు చెప్పవే, నువ్వు చూశావు కదే!”

“ఏమో,” అంది పిన్ని. “ఇన్నాళ్ళూ నావి నీవన్నావు. ఇప్పుడు నీవి నావంటే తప్పేముంది?” అని, ఆయన బుట్టల్లో ఒకదాన్ని లాక్కుని ఉల్లిపాయలు పోసుకుంది.

హన్నెకె చూపు అప్పటికే లారీకి ఆనుకుని నిలబడ్డ టెంగన్ మీద పడింది. వాడికీ గడ్డం నెరిసింది. వాడి చేతికి ఎవరో గడ్డిపోచలు అందించారు. వాడు వాటిని తలకిందులుగా పట్టుకున్నాడు. హన్నెకె మొహం వికసించింది.

“బావా, టోపీ ఇలా ఇయ్యి,” అన్నాడు టెంగన్. “ఫొటోకి కావాలి.”

చిన్నాన్న టోపీ తీసి ఇచ్చి, పగలబడి నవ్వాడు. నవ్వక తప్పదు మరి.