ప్యాచ్‌కి వడ్డన పాఠం

మా వైపు మంచినీళ్లు అడిగిన మనిషికి వట్టి నీళ్లు ఇవ్వం. గ్లాసుతో పాటు ఒక జంతికో, అరటిపండో చేతిలో పెడితే గానీ ఇచ్చినవాళ్లకి తృప్తి ఉండదు. ఈ అలవాటును నేను తీసుకెళ్లి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ మీద ప్రయోగించి చీవాట్లు తిన్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో రాజమండ్రిలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకునేదాన్ని. పన్నెండు మెషీన్లు. ఎక్కడెక్కడి వాళ్లో కలిసి రాసే సిస్టమ్ ఒకటి వాటి మీద నడిచేది. ఎవరైనా ఉచితంగా తెచ్చుకోవచ్చు, లోపలి ప్రోగ్రాం తెరిచి చదవొచ్చు, బాగుచేసి పంపొచ్చు. మా మెషీన్లకు యూపీఎస్ ఉంది గానీ వాటిని కలిపే హబ్‌కి లేదు. మధ్యాహ్నం వోల్టేజి పడగానే హబ్ ఆరిపోయి మళ్లీ వెలిగేది. మా చవకరకం నెట్‌వర్క్ కార్డులు మాత్రం ఒకసారి పడుకుంటే లేచేవి కావు. కార్డును నడిపే డ్రైవర్ ప్రోగ్రాంలో దాన్ని లేపమన్న ముక్కే ఎవరూ రాయలేదు. పిల్లలు "మేడమ్, మళ్లీ పోయిందండీ!" అని ఒకటే కేకలు. నేను పన్నెండు మెషీన్ల చుట్టూ ప్రదక్షిణలు చేస్తూ ఒక్కోదాన్నీ ఆపి వేసేదాన్ని.

ఒకరోజు ఒళ్లు మండి ఆ డ్రైవర్ తెరిచి కూర్చున్నాను. అర్థం కావడానికి వారం పట్టింది. తీరా చూస్తే కావలసింది నాలుగే వరసలు. లింకు తెగితే కార్డును మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టమని చెప్పాలి, అంతే. రాసి, పన్నెండింటిలోనూ వేసి, వోల్టేజి ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూశాను. కరెంటు కోసం కాకుండా కరెంటు పోవడం కోసం ఎదురుచూసిన మధ్యాహ్నం నా జీవితంలో అదొక్కటే! మూడింటికి ఫ్యాన్లు నెమ్మదించాయి, హబ్ ఆరి వెలిగింది, కార్డులు పడుకుని బుద్ధిగా లేచాయి. పిల్లలతో సమానంగా నేనూ చప్పట్లు కొట్టాను.

ఆ సంబరం నాలుగు రోజులే. తుని బ్రాంచికి బదిలీ అని కాగితం చేతిలో పెట్టారు. కొత్త టర్ముకి ల్యాబులో ఈ సిస్టమ్ కొత్త వెర్షన్ వేస్తారు. అది వేయగానే నేను చేత్తో పెట్టిన నాలుగు వరసలూ తుడిచిపెట్టుకుపోతాయి. నా తరవాత వచ్చే మనిషికి వాటి సంగతే తెలియదు. మళ్లీ అవే కేకలు, అవే ప్రదక్షిణలు. నెట్‌వర్కు ఈసారీ మొరాయిస్తే ఆ సిస్టమ్‌నే ల్యాబులోంచి తీసేస్తామని ప్రిన్సిపాల్ గారు అప్పటికే ఒకసారి అన్నారు. ఉన్న దారి ఒక్కటే, ఆ వరసలు కొత్త వెర్షన్‌లోనే ఉండాలి. దానిలోకి మార్పులు తీసుకోవడం ఇంకో పది రోజుల్లో ఆపేస్తారు.

మార్పు పంపాలంటే ప్యాచ్ తయారుచేయాలి. తీసేసిన వరసకి మైనస్, కొత్త వరసకి ప్లస్ పెట్టి చూపించే చిన్న ఫైలు అది. నాలుగు ప్లస్సులతో నా ప్యాచ్ చూసుకుంటే నాకే సిగ్గేసింది. ఇంత పెద్ద సిస్టమ్ ఊరికే ఇచ్చినవాళ్లకి ఇంతేనా పంపడం? అందుకని డ్రైవర్ మొత్తం శుభ్రం చేశాను. వంకర టింకర వరసలు సర్దాను. బాగాలేదనిపించిన పేర్లు మార్చాను. 'ఇనిషియలైజ్' అన్న మాటలో జెడ్ ఉన్నచోటల్లా, మా మాస్టార్లు నేర్పినట్టు, ఎస్ పెట్టాను. చివర్లో రాసినవారందరికీ ధన్యవాదాలు చెబుతూ ఒక వ్యాఖ్య కూడా చేర్చాను. మూడు వందల వరసలు దాటింది. అప్పుడు గానీ మనసు నిండలేదు.

ఆ డ్రైవర్ బాధ్యత చూసే ఆయన ఏ దేశంలో ఉంటాడో నాకు తెలియదు. రెండో రోజుకల్లా జవాబు వచ్చింది. ఇందులో ఏది అవసరమో తనకి కనబడలేదట. ఒక ప్యాచ్ ఒక్క పనే చేయాలట. విడదీసి పంపమన్నాడు. ఒక నమస్కారం లేదు, పాడు లేదు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇంత కష్టపడి సర్దిపెడితే ఇదా మర్యాద! పంపితే పంపాను, లేకపోతే లేదు అనుకుని రెండు రోజులు ఆ మెయిలు వైపు చూడలేదు.

ఆ ఆదివారం కొవ్వూరులో మా పెదనాన్నగారి గృహప్రవేశం. బంధువుల ఇళ్లలో వడ్డన ఎక్కడ జరిగినా పెత్తనం ఆయనదే. బంతి కూర్చుంది. నా కోపమంతా పనిలో పెట్టి, పప్పు బకెట్ మోచేతికి తగిలించుకుని, పులుసు బకెట్ చేత్తో పట్టుకుని బయల్దేరాను. మొదటి ఆకులో పప్పు పడిందో లేదో వెనకాలే పులుసు పోసేశాను. రెండో ఆకాయన రెండు చేతులూ ఆకు మీద అడ్డం పెట్టేశాడు.

"ఆగవే, ఆగు!" పెదనాన్న పరుగున వచ్చాడు. "రెండు బకెట్లేంటే నీకు?"

"తొందరగా అయిపోతుంది కదండీ పెదనాన్నా."

"ఎవరికే తొందర? నీకా, తినేవాళ్లకా? విడిగా వస్తే పప్పు వద్దన్నవాడు పులుసు వేయించుకుంటాడు. నువ్వు రెండూ కలిపి మీదికెళితే ఆయన దేన్ని వద్దనాలి? చూడు, చెయ్యే అడ్డం పెట్టేశాడు. రెండూ పోయాయి. మనిషికో బకెట్. నీ వెనకాల ఇంకోళ్లు తెస్తారు."

పులుసు బకెట్ లాక్కుని వెళ్లిపోయాడు. నేను గరిటె పట్టుకుని అక్కడే నిలబడి పకపకా నవ్వాను. నా మూడు వందల వరసలకి ఆ దేశం కాని దేశంలో ఆయన చేసింది అచ్చంగా ఇదే. పాపం, ఏది వద్దనాలో తెలియక చెయ్యి అడ్డం పెట్టాడు.

"నవ్వుతావేంటే, పప్పు చల్లారిపోతోంది!" అని పెదనాన్న అటునుంచి మళ్లీ కేక.

మర్నాడు నెట్ సెంటర్‌లో కూర్చుని ప్యాచ్‌ని నాలుగు ముక్కలు చేశాను. మొదటిది నా నాలుగు వరసలే. అవి ఎందుకు కావాలో రెండు వాక్యాల్లో రాశాను. మా వోల్టేజి సంగతీ, హబ్ సంగతీ చెప్పాను. వరసలు సర్దింది రెండోది, పేర్లు మార్చింది మూడోది, జెడ్‌లూ ధన్యవాదాలూ నాలుగోది. పంపి, గడువుకి ఇంకా మూడు రోజులుందని వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. ఆ మూడు రోజులూ నాకు అన్నం సహించలేదు.

ఆఖరి రోజు జవాబొచ్చింది. మొదటిది తీసుకున్నాడు, రెండోదీ తీసుకున్నాడు. మూడోది అక్కర్లేదన్నాడు. నాలుగోదానికి, జెడ్ తప్పు కాదనీ, తమ ఊళ్లో అలాగే రాస్తారనీ, ధన్యవాదాలు మాత్రం అందాయనీ రాశాడు. నెట్ సెంటర్ కుర్చీలోంచి ఒక్క గెంతు గెంతాను. పక్కనున్నాయన "ఏంటండీ, ఉద్యోగం వచ్చిందా?" అని అడిగాడు. "అంతకన్నా ఎక్కువేనండీ" అన్నాను.

తుని వెళ్లిన రెండు నెలలకి రాజమండ్రి నుంచి ఫోను. నా స్థానంలో చేరిన కొత్త లెక్చరర్ గారు, ల్యాబ్ బీరువా తాళం దొరకడం లేదని. ఎక్కడుందో చెప్పి, ఉండబట్టలేక అడిగాను.

"మధ్యాహ్నం వోల్టేజి పడుతోందాండీ?"

"రోజూ పడుతోందండీ."

"మరి నెట్‌వర్కు?"

"దానికేమండీ, శుభ్రంగా ఉంది."

"మీరేమైనా మార్చారా?"

"నేనేం చేయలేదండీ. సీడీ పెట్టి కొత్త వెర్షన్ ఎక్కించాను, అంతే. ఏం, ఏమైనా చేయాలాండీ?"

"ఏం చేయక్కర్లేదండీ" అన్నాను.