కత్తిరించబోయే ముందు

ఆ ఇంటి ముందుగదిలో ఎప్పుడూ రెండు చప్పుళ్లు కలిసి కాపురం ఉండేవి. ఒక మూల కుట్టుమిషన్, ఇంకో మూల ఫ్రెంచి. భర్త దర్జీ. భార్య బడిలో ఫ్రెంచి టీచరు. సాయంత్రం ట్యూషన్ పిల్లలు చాప మీద చేరి క్రియలు వల్లె వేస్తుంటే, ఆ లయకే ఆయన పాదం మిషన్ తొక్కేది. "జ్ వే మాంజే, తు వా మాంజే, ఇల్ వా మాంజే..." అర్థం ఆయనకు తెలియదు. అర్థం తెలిసే వానలో తడుస్తామా?

సూది పోట్లకు ఆయన వేళ్ల చివరలు ఏనాడో కాయలు కాశాయి. అందుకే ముఖమల్ వచ్చిన రోజున చాక్‌ముక్క కింద పెట్టి, "టీచరమ్మా, ఒకసారి ఇటు చెయ్యి పెట్టి పో" అని పిలిచేవాడు. ముఖమల్‌కు నూగు ఉంటుంది. ఒకవైపు నిమిరితే పడుకుంటుంది, రెండోవైపు నిమిరితే లేచి నిలబడుతుంది. ముక్కలన్నీ ఒకే వైపుకు కత్తిరించకపోతే, కుట్టాక ఒక భుజం వెలుతురులోనూ ఇంకో భుజం నీడలోనూ ఉన్నట్టుంటుంది. ఆమె వచ్చి అరచేత్తో నిమిరి, "ఇటండీ" అనేది. అప్పుడే కత్తెర కదిలేది.

కిందటి వానల్లో ఆమెకు పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ కొంత కొంతగా తిరిగొచ్చాయి. మాట రాలేదు. నీళ్లు కావాలంటే పెదవులు ఆ మాట ఆకారం కట్టేవి. కూజా ఉన్నట్టే ఉండి, వంచితే చుక్క రాలనట్టు.

ఒక మధ్యాహ్నం ఆయన మిషన్ తొక్కుతూ పాత అలవాటు కొద్దీ, "జ్ వే మాంజే" అని గొణిగాడు. కిటికీ పక్క కుర్చీలోంచి, "తు వా మాంజే, ఇల్ వా మాంజే, నూ జాలోఁ మాంజే" అంటూ ఆమె చివరిదాకా అప్పజెప్పింది. ఒక్క తొట్రుపాటు లేదు. ఆయన పాదం ఆగడం మరిచిపోయి, కుట్టు గుడ్డ అంచు దాటి ఖాళీలోకి పోయింది.

మాటలు నేర్పడానికి వచ్చే డాక్టరమ్మ అంతా విని నెమ్మదిగా చెప్పింది.

"ఆశ వదులుకోమని అనను. కానీ ఇది మాట కాదండీ, నాలుకకు పడిన అలవాటు. ఎక్కాలు అప్పజెప్పడం లాంటిది. ఆవిడంతట ఆవిడ, మీకు చెప్పడానికే, ఒక్క వాక్యం చెప్పాలి. అప్పుడు దారి దొరికినట్టు."

ఆ ఒక్క వాక్యం కోసం ఆయన ఫ్రెంచి మొదలుపెట్టాడు. గురువు మరదలే. మందుల షాపులో పని ముగించుకుని రోజూ అక్కను చూడ్డానికి వచ్చేది. చిన్నప్పుడు అక్క దగ్గరే ఆ భాష నేర్చుకుంది.

"ఇది ఇంకాసేపట్లో జరగబోయేదానికి, బావా. ముందు 'వే' అని వెళ్లడం పెట్టు, దాని వెనక 'మాంజే' అని తినడమో ఇంకో పనో నిలబెట్టు. మనమూ అంతేగా. తినబోతున్నా అంటాం. తినడానికి ఎక్కడికైనా పోతామా?"

"మీ అక్క పిలిస్తే వంటింటిదాకా పోతా."

"ఇంత ముదురు విద్యార్థి అక్కకు కూడా తగల్లేదు."

ఆయనకు ఆ ఒక్క కాలమే పట్టుబడింది. ఇక అన్నీ అందులోనే.

"నిన్న కురిసిన వాన కూడా ఇంకా కురవబోతోందా, బావా?"

"ఉన్న గుడ్డతోనే కుట్టాలి కదమ్మా."

అలా ఆ ఇంట్లోంచి నిన్న అనేది మెల్లగా లేచి వెళ్లిపోయింది. ఏదీ జరిగిపోలేదు, అంతా జరగబోతోంది. పాలు కాగబోతున్నాయి. దీపం వెలగబోతోంది. సూదిలో దారం ఎక్కించబోయే ముందు కూడా ఆయన ఆమెకు చెప్పేవాడు. ఆయన ఏ క్రియ అందిస్తే దాన్నే ఆమె అందుకుని, నువ్వూ అతడూ మేమూ మీరూ వాళ్లూ అంతా అయ్యాక, కిటికీ వైపు తిరిగేది.

"అక్క మాట్లాడట్లేదు బావా, పాఠం ఒప్పజెబుతోంది" అంది మరదలు ఒకరోజు వంటింట్లో, గొంతు తగ్గించి.

"ట్యూషన్ పిల్లలూ మొదట అంతే. తర్వాత ఆ భాషలోనే పోట్లాడుకునేవాళ్లు" అన్నాడాయన గ్లాసు కడుగుతూ. కడిగిన గ్లాసునే మళ్లీ కడిగాడు.

ఆ వారమే ఆకుపచ్చ ముఖమల్ వచ్చింది, కోటుకు. వద్దందామనుకున్నాడు. పాత ఖాతాదారు, మాట కాదనలేకపోయాడు. బల్ల మీద పరిచి నిమిరాడు. వేళ్లకు ఏమీ చెప్పలేదది. కిటికీ వెలుతురుకు ఎత్తి చూసి, ఇటే అనుకుని, చాక్‌తో గీతలు గీశాడు. కత్తెర తీసుకున్నాడు.

"జ్ వే కూపే" అన్నాడు. కత్తిరించబోతున్నాను.

"తు వా కూపే" అనే జవాబు కోసం అలవాటుగా ఆగాడు. రాలేదు. కుర్చీ కదిలింది. చేతికర్ర నేలను తాకుతూ తాకుతూ బల్లదాకా వచ్చింది. ఆమె అరచెయ్యి గుడ్డ మీద ఒకసారి వెళ్లింది, వెనక్కి వచ్చింది.

"నోఁ."

ఆమె పెదవులు ఇంకేదో ఆకారం కట్టాయి, విప్పాయి, మళ్లీ కట్టాయి. ఆయన చూడలేక కత్తెర వైపు చూశాడు.

"తు వా..." అంది. ఊపిరి తీసుకుంది. "తు వా తూర్నే."

ఆ క్రియ ఆయన ఎన్నడూ అందించింది కాదు. అర్థం కోసం గుమ్మం వైపు చూశాడు. ఉతికిన బట్టలు మడత పెడుతున్న మరదలి చేతులు ఆగిపోయి ఉన్నాయి.

"తిప్పబోతున్నావట" అంది. చేతిలోని మడత పక్కన పెట్టి, "ఇన్నేళ్లూ మీరు మీరు అన్న మనిషి నిన్ను 'తు' అంటూ నువ్వనేసింది. చూసుకో బావా, అలుసైపోయావ్."

"అననీ."

గీసిన గీతలన్నీ అరచేత్తో తుడిచేశాడు. చాక్‌పొడి వెలుతురులో లేచింది.

"జ్ వే తూర్నే" అన్నాడు. తిప్పబోతున్నాను.

కానీ వెంటనే తిప్పలేదు. ఆమె చెయ్యి ఇంకా గుడ్డ మీదే ఉంది. అది దానంతట అది లేచేదాకా ఆగాడు.